ఒకే బిడ్డలో ఎక్కువా, తక్కువా

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విద్య గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు నన్ను ఆజ్ఞాపించారు. చదువు అవసరమని ఈ సభలో చెప్పటం పాతబస్తీలో ఇరానీ చాయ్ గొప్పదని చెప్పటంలాంటిది. అందరికీ తెలుసు. అంచేత ఆ సంగతి వదిలి, మన ఇండ్లలో, మన బడుల్లో, మన మదరసాల్లో వెనక బెంచీమీద కూర్చుని రోజూ తిట్లు తినే ఒక రకపు పిల్లల గురించి మాత్రమే మనవి చేసుకుంటాను.

వాళ్ళ గురించి మన ఇండ్లలో ఒక మాట ఉన్నది. "సబ్ ఆతా, కర్తా నై." అన్నీ వచ్చు, చేయడు. ఈ మాట అనని తల్లి లేదు, అనని ఉస్తాద్ లేడు. ఈ మాటలో మొదటి సగం తప్పు, రెండో సగమూ తప్పే అని నా అభిప్రాయం. అన్నీ రావు, కొన్ని వస్తాయి. చేయడు కాదు, కొన్ని చేయలేడు. ఆ "కొన్ని" ఏవో తెలుసుకోకపోవటం వల్లనే ఇంత గొడవ.

ఒక పదకొండేళ్ళ అబ్బాయి ఉన్నాడనుకోండి. ఇలాంటివాళ్ళు మన వాడలో ఒకరు కాదు, చాలామందే ఉన్నారు గనక ఎవరి పిల్లవాణ్ణీ వేలుపెట్టి చూపటం లేదు. సికిందరాబాదు స్టేషనుకు మన బోయిగూడ వైపు ద్వారం ఉన్నది గదా, అక్కడ నిలబెడితే వాడు రైళ్ళ నంబర్లు అప్పజెబుతాడు. ఢిల్లీ పోయే తెలంగాణ ఎక్స్‌ప్రెస్ 12723, వైజాగు పోయే గోదావరి 12728, ఏది ఎక్కడెక్కడ ఎన్ని నిమిషాలు ఆగుతుందో సహా. మదరసాలో సూరా నాలుగుసార్లు వింటే నోటికి వచ్చేస్తుంది. లెక్క అడిగితే జవాబు ముందు చెబుతాడు. ఐతే ఆ లెక్కనే కాపీలో మెట్లు మెట్లుగా వేయమంటే అరగంటసేపు పెన్సిలు చెక్కుతూ కూర్చుంటాడు. చెప్పులు ఎడమది కుడికి, కుడిది ఎడమకు. టిఫిన్ డబ్బా వారానికి ఒకటి పోతుంది. "లోపలికి పోయి చేతులు కడుక్కుని, బట్టలు మార్చుకుని, నీళ్ళ చెంబు తీసుకురా" అంటే లోపలికి పోతాడు, అంతే. పది నిమిషాల తర్వాత చూస్తే గోడమీద గడియారం వైపు చూస్తూ నిలబడి ఉంటాడు. షాదీఖానాలో బ్యాండు మోగగానే చెవులు మూసుకుని బల్లకింద దూరతాడు.

ఇప్పుడు చెప్పండి, వాడు తెలివిగలవాడా, మందబుద్ధా? దాదీ తెలివిగలవాడంటుంది, స్కూలువాళ్ళు మందబుద్ధి అంటారు, సౌదీలో ఉన్న అబ్బా వీడియో కాల్‌లో "బద్మాష్, నాటకాలు" అంటాడు. ముగ్గురూ చూసింది నిజమే. ముగ్గురూ చెప్పింది తప్పే.

ఈ పిల్లవాడిలో రెండు స్వభావాలు కలిసి ఉన్నాయి. ఒకటి ఆటిజం. 1943లో అమెరికాలో లియో కానర్ అనే వైద్యుడు 11 మంది పిల్లల గురించి రాసిన వ్యాసంతో ఈ పేరు వైద్యలోకంలో స్థిరపడ్డది. ఆ 11 మందిలో 8 మంది మగపిల్లలు, ముగ్గురు ఆడపిల్లలు. వాళ్ళ జ్ఞాపకశక్తి అసాధారణంగా ఉన్నదని ఆయన ఆనాడే గమనించాడు. ఇతరుల ముఖం, స్వరం చూసి మనసులోని భావం పట్టుకోవటం కష్టం కావటం, అలవాటైన పద్ధతి మారితే తట్టుకోలేకపోవటం, శబ్దమో వెలుతురో బట్ట గరుకుదనమో భరించలేకపోవటం, ఒక్క విషయంలో లోతుగా మునగటం, ఇవి దాని గుర్తులు. రెండోది ఏడీహెచ్‌డీ. అవధానం నిలవకపోవటం, ఆగలేకపోవటం, కాలం ఎంత గడిచిందో అంతు తెలియకపోవటం, మొదలుపెట్టాల్సిన పని మొదలుపెట్టలేకపోవటం. రెండూ పుట్టుకతో మెదడు ఎదిగే తీరులోనివి. పెంపకంలోని లోపాలు కావు. తల్లి పాలివ్వకపోవటం వల్లనో, తల్లి ఉద్యోగానికి పోవటం వల్లనో, తల్లి మొబైలు ఇవ్వటం వల్లనో వచ్చినవి కావు. ఈ వాక్యం పరదా అటువైపు వినబడాలని కాస్త గట్టిగానే చెబుతున్నాను.

రెండూ ఒకే మనిషిలో ఉండవచ్చునని వైద్యులు ఒప్పుకున్నది మొన్న మొన్ననే. అమెరికా మనోవైద్యుల గ్రంథం, ప్రపంచమంతా చూసేది, 1994 నాటి కూర్పులో ఆటిజం ఉన్నట్టు తేలితే ఏడీహెచ్‌డీ అని వేరే రాయకూడదని నియమం పెట్టింది. 2013లో వచ్చిన అయిదో కూర్పులో ఆ నియమం తీసేశారు. అంటే ఇప్పుడు ముప్పయి, నలభై ఏళ్ళు ఉన్నవాళ్ళలో రెండూ ఉన్నవారికి చిన్నతనంలో రెండు పేర్లూ దొరికే దారే లేదు. ఇప్పటి లెక్కలు చూస్తే, ఆటిజం ఉన్నవారిలో కొన్ని పరిశోధనల ప్రకారం నలుగురిలో ఒకరికి, మరికొన్నింటి ప్రకారం సగం మందికి పైగా ఏడీహెచ్‌డీ కూడా ఉంటున్నది. అరుదైన సంగతి కాదు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ రెండూ కలిస్తే ఒకదానిమీద ఒకటి పెట్టిన రెండు మూటల్లా ఉండవు. ఒకదానితో ఒకటి కొట్లాడుకుంటాయి. ఆటిజం అంటుంది, నా స్టీలు డబ్బా రోజూ అదే అరలో ఉండాలి. ఏడీహెచ్‌డీ ఆ డబ్బాను ఎక్కడో పెట్టి మరచిపోతుంది. మామూలు మతిమరుపు పిల్లవాడైతే ఇంకో డబ్బా తీసుకుని పోతాడు. మామూలు పద్ధతిగల పిల్లవాడైతే డబ్బా పోగొట్టనే పోగొట్టడు. వీడు పోగొడతాడు, పోయిందని ఇల్లు పీకి పందిరేస్తాడు. చూసేవాళ్ళకు ఇది మొండితనంగా కనబడుతుంది. "నువ్వే పోగొట్టావు, నువ్వే ఏడుస్తావా" అని రెండు తగిలిస్తారు. కాని వాడి లోపల జరిగేది ఏమిటి? క్రమం లేకపోతే ప్రాణం నిలవని మనిషి చేతికి, క్రమం నిలబెట్టే శక్తి తక్కువగా ఇవ్వబడింది. తన అవసరాన్ని తనే తీర్చుకోలేని స్థితి అది. ఎంత అలసట తెస్తుందో ఊహించండి.

ఇంకో చిక్కు. ఒకటి మరొకదాన్ని దాచిపెడుతుంది. పిల్లవాడు గలగల మాట్లాడతాడు, కొత్తవాళ్ళ దగ్గరికి ఉరుకుతాడు గనక "ఇంత మాట్లాడేవాడికి ఆటిజం ఏమిటి" అంటారు. గమనిస్తే, ఆ మాటల్లో ఎదుటివాడి వంతు ఉండదు. మరొక పిల్ల గట్టి దినచర్యలో ఉన్నంతకాలం బాగానే నెట్టుకొస్తుంది. పదో తరగతిదాకా ఫస్టు. కాలేజీలో టైంటేబులు వదులుగా ఉండేసరికి, లేదా నిఖా అయి అత్తవారింటి పద్ధతికి పోయేసరికి, ఒక్కసారిగా కూలిపోతుంది. అప్పుడు "పెండ్లయ్యాక బద్ధకం పట్టింది" అంటారు, లేదా నజర్ తగిలిందంటారు. ఆడపిల్లల విషయంలో ఇది మరీ ఎక్కువ. పక్కపిల్లను చూసి నవ్వటం, పక్కపిల్లను చూసి కూర్చోవటం, అన్నీ నకలు చేసి పగలంతా గడిపి, ఇంటికి వచ్చి గుసల్‌ఖానాలో తలుపు వేసుకుని ఏడ్చే అమ్మాయిని మనం "ఖామోష్ బచ్చీ, బహుత్ అచ్ఛీ" అని మెచ్చుకుంటాం.

పైగా రోజు రోజుకూ తేడా. సోమవారం పేజీ నిండా రాశాడు. మంగళవారం పేరు కూడా రాయలేదు. "నిన్న రాశావు గదా, ఇవాళ ఏమైంది?" ఈ ప్రశ్న న్యాయంగానే వినబడుతుంది. కాని ఏడీహెచ్‌డీ ఉన్నవారి పనిలో ఇలా హెచ్చుతగ్గులు ఉండటమే దాని లక్షణం. నిద్ర సరిపోకపోయినా, తరగతిలో ఫ్యాను కీచుమన్నా, పొద్దున దారి మారినా, మంగళవారం మంగళవారమే అవుతుంది. నిన్నటి పేజీని ఇవాళ్టి బిడ్డమీద సాక్షిగా నిలబెట్టవద్దు.

రంజాను నెల చూడండి. సహరీ, ఇఫ్తారు నిమిషాల ప్రకారం ముద్రించిన కార్డు గోడమీద ఉంటుంది. ఇలాంటి కొందరు పిల్లలకు ఆ నెల పండగే పండగ, ఇంటిల్లిపాదీ గడియారం ప్రకారం నడుస్తారు గనక. ముప్పయి రోజుల సమయాలు వాళ్ళకు కంఠస్థం. మరికొందరికి అదే నెల నిద్ర తారుమారై, తరావీహ్‌లో జనం, లౌడు స్పీకరు, ఎండలో దాహం, అన్నీ కలిసి పెద్ద పరీక్ష. ఒకే పేరుగల ఇద్దరు పిల్లలు ఒకేలా ఉండరని చెప్పటానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

మనం పిల్లల్ని కొలిచే పద్ధతి ఏమిటి? మొత్తం మార్కులు, సగటు శాతం. ఈ పిల్లల దగ్గర సగటు మోసం చేస్తుంది. 1969లో మాలిన్ అనే ఆయన మన దేశపు పిల్లలకోసం తయారుచేసిన తెలివితేటల పరీక్ష ఒకటి ఉన్నది. అందులో మాటలతో జవాబు చెప్పే భాగం ఒకటి, చేతులతో చేసి చూపే భాగం మరొకటి. ఒక పిల్లవాడికి మొదటిదానిలో 125, రెండోదానిలో 75 వచ్చాయనుకుందాం. సగటు 100. అంటే కాగితంమీద వాడు అందరిలాంటివాడు, ఏ ఇబ్బందీ లేదు! ఆ నూరు అనే అంకెమీద నిలబడగలిగే చోటు వాడి బుర్రలో ఎక్కడా లేదు. హుస్సేన్ సాగర్ సగటు లోతు మోకాలిదాకా అని ఎవరైనా చెబితే నమ్మి దిగుతామా?

మన పక్కనే బోయిన్‌పల్లిలో మనోవికాస్ నగర్ ఉన్నది. 1984లో అక్కడ మానసిక వికలాంగుల జాతీయ సంస్థ ఏర్పడింది. తర్వాత పేరు మారి, ఇప్పుడు దాన్ని నీపిడ్ అంటున్నారు. దేశం నలుమూలలనుంచీ తల్లిదండ్రులు రైలెక్కి అక్కడికి వస్తారు. మనకు బస్సు దూరం. మనలో ఎంతమందికి దాని గేటు తెలుసు? భారతదేశంలో ఆటిజాన్ని కొలవటానికి వాడే కొలమానం, ఇసా అంటారు, ఈ సంస్థలోనే తయారైంది. 2016లో కేంద్ర ప్రభుత్వం ఆటిజం ధృవపత్రాలకు దాన్నే వాడాలని నిర్ణయించింది. అందులో 40 అంశాలు. ఒక్కో అంశానికి 1 నుంచి 5 దాకా మార్కు. మొత్తం 70 లోపు వస్తే ఆటిజం లేనట్టు, 70 నుంచి 106 తేలికపాటి, 107 నుంచి 153 ఓ మాదిరి, ఆపైన తీవ్రం.

ఆ నలభై అంశాల్లో చివరి నాలుగూ చూస్తే నాకు ముచ్చటేస్తుంది. అవధానం ఒకప్పుడు ఉండి ఒకప్పుడు లేకపోవటం, జవాబు ఇవ్వటంలో ఆలస్యం, అసాధారణమైన జ్ఞాపకశక్తి, ఏదో ఒక విద్యలో అద్భుతమైన ప్రతిభ. ఈ నాలుగూ ఒకే శీర్షిక కింద ఉన్నాయి. అంటే "అంత జ్ఞాపకశక్తి ఉన్నవాడికి జబ్బేమిటండీ" అని మన పెద్దలు తోసిపుచ్చే ఆ జ్ఞాపకశక్తే అక్కడ ఒక గుర్తుగా లెక్కకు వస్తుంది. బలాన్ని బలహీనతకు వ్యతిరేక సాక్ష్యంగా తేవద్దని మన బోయిన్‌పల్లి కాగితమే చెబుతున్నదన్నమాట. ఐతే అది కూడా చివరికి మొత్తం కూడి ఒక అంకె చెబుతుంది, అది వేరే సంగతి. కాగితం చేతికి వచ్చినప్పుడు మొత్తం ఒక్కటే చూడక, ఏ భాగంలో ఎంత వచ్చిందో అడిగి రాయించుకోండి. ఇంట్లో పనికివచ్చేది ఆ విడి విడి మార్కులే.

మన దీన్‌లో దీనికి ఆధారం లేదా అని కొందరు పెద్దలు అడిగారు. సూరా అబస మనందరికీ తెలుసు, ఎనభయ్యవది. హజ్రత్ అబ్దుల్లా ఇబ్నె ఉమ్మె మక్తూం (రజి) గారి సందర్భంలో అవతరించింది. ఆ అంధుడైన సహాబీ తర్వాత కథ మనం తక్కువగా చెప్పుకుంటాం. దైవప్రవక్త (స) వారు ఆయనను ముఅజ్జిన్‌గా నియమించారు. రంజానులో హజ్రత్ బిలాల్ (రజి) రాత్రి ఉండగా అజాన్ ఇచ్చేవారు, ఫజర్ అజాన్ ఇబ్నె ఉమ్మె మక్తూం గారిది. తెల్లవారిందో లేదో ఆయనకు కనబడదు గదా? "తెల్లవారింది, తెల్లవారింది" అని పక్కవాళ్ళు చెబితే అప్పుడు ఆయన అజాన్ ఇచ్చేవారని హదీసుల్లో ఉన్నది. చూడండి, ఎంత సూటి ఏర్పాటు. తెల్లవారటం చూడలేనివాడు ఫజర్ అజాన్ ఎలా ఇస్తాడని ఎవరూ ఆ పని లాగేసుకోలేదు. కంఠం ఉన్నది గనక చూపు లేకపోవటం నాటకమని కూడా ఎవరూ అనలేదు. కంఠం ఆయనది, చూపు పక్కవాడిది. పని జరిగింది, మదీనా అంతా ఆ అజాన్‌తో ఉపవాసం పట్టింది.

మన పిల్లవాడికి ఆ "తెల్లవారింది" అని చెప్పే పక్కవాడు ఎవరు? ఇదే ఈ పూట నా ప్రశ్న. ఇంట్లో చేయగలిగినవి కొన్ని చెబుతాను. మూడు పనులు ఒక ఊపున చెప్పకుండా ఒకటి చెప్పి, అది అయ్యాక రెండోది చెప్పండి. చెవిన పడ్డది నిలవదు, కంటికి కనబడేది నిలుస్తుంది. వజూ మెట్లు బొమ్మలు గీసి నల్లా దగ్గర అంటించిన ఇంట్లో ఆ గొడవ తగ్గటం నేను చూశాను. సంచి సర్దటం పొద్దున కాదు, ఇషా తర్వాత, తలుపు మీది జాబితా చూస్తూ, పక్కన మీరు నిలబడి. హోంవర్కు పది నిమిషాలు, అయిదు నిమిషాలు లేచి తిరగటం, మళ్ళీ పది నిమిషాలు. అలారం గడియారం పెట్టండి, మీ గొంతు కన్నా అది నయం, దానికి కోపం రాదు. చుట్టాలింటికి పోయేముందు ఎవరెవరుంటారో, ఎప్పుడు తిరిగి వస్తామో చెప్పండి. షాదీలో వాడికి నిశ్శబ్దంగా కూర్చునే మూల ఒకటి చూసిపెట్టండి.

శిక్షగా వాడి ఇష్టాన్ని లాక్కోవద్దు. ఇది మనవాళ్ళు ఎక్కువగా చేసే పని. లెక్కలు చేయలేదని రైళ్ళ పుస్తకం చించేస్తారు. ఆ పుస్తకం వాడికి ఊపిరి ఆడే చోటు. ఆ రైళ్ళతోనే దూరం, కాలం, వేగం లెక్కలు చెప్పవచ్చు. ఒక ఉపాధ్యాయుడికి ఇంతకంటే తేలికైన దారి ఎవరిస్తారు?

మందుల సంగతి. ఆటిజాన్ని పోగొట్టే మందు లేదు. ఏడీహెచ్‌డీకి మందులున్నాయి, మెథైల్‌ఫెనిడేట్ వంటివి, పిల్లల మనోవైద్యుడు చూసి, బరువూ ఆకలీ నిద్రా గమనిస్తూ ఇవ్వాలి. ఆటిజం కూడా ఉన్న పిల్లల్లో వాటి ప్రయోజనం కాస్త తక్కువగానూ, చికాకు వంటి ఇబ్బందులు కాస్త ఎక్కువగానూ ఉండవచ్చు గనక చిన్న మోతాదుతో మొదలుపెడతారు. మందు అంటేనే భయపడి పారిపోవటమూ వద్దు, మందుతో అంతా సర్దుకుంటుందనుకోవటమూ వద్దు. దుఆ చేయండి, ఎవరు కాదన్నారు? కాని తావీజులకనీ, జిన్ను దింపటానికనీ వేలు పోయటం, పిల్లవాణ్ణి పొగలో కూర్చోబెట్టటం మానండి. ఇక లక్షలు గుంజే మూలకణాల చికిత్స ఒకటి బయలుదేరింది. ఆటిజానికి దాన్ని సిఫారసు చేయలేమని 2022లోనే జాతీయ వైద్య కమిషన్ చెప్పింది. ఇల్లు తాకట్టు పెట్టి దానికి పోవద్దని చేతులు జోడించి చెబుతున్నాను.

చట్టం గురించి కొంచెం. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు లెక్కించారు. ఆటిజం ఉన్నది. ఏడీహెచ్‌డీ పేరు వేరుగా లేదు. అంచేత రెండూ ఉన్న బిడ్డకు ధృవపత్రం ఆటిజం పేరుమీదనే వస్తుంది. చురుగ్గా మాట్లాడే పిల్లవాడు ఆ ఒక్క పూట పరీక్షలో బాగానే జవాబులు చెప్పి, 70 లోపు మార్కులతో ఉత్త చేతులతో తిరిగివచ్చే ప్రమాదం ఉన్నది. ఇల్లు పీకి పందిరేసే సాయంత్రం ఆ గదిలో వాళ్ళకు కనబడదు. ఎత్తుపల్లాల బిడ్డకు నష్టం ఇక్కడే జరుగుతున్నది. ధృవపత్రంలో 40 శాతం, ఆపైన ఉంటే 6 నుంచి 18 ఏళ్ళదాకా దగ్గరి బడిలోగాని, ఇష్టపడ్డ ప్రత్యేక పాఠశాలలోగాని ఉచిత విద్య హక్కు. పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు, రెండో భాష, మూడో భాషనుంచి మినహాయింపు వంటి ఏర్పాట్లు ప్రభుత్వమూ, స్థానిక సంస్థలూ చేయాలని 17వ సెక్షనులో రాసి ఉన్నది.

ఈ భాషల మాట మనకు ముఖ్యం. మన పిల్లవాడు ఇంట్లో దక్కనీ మాట్లాడతాడు. మదరసాలో కుడినుంచి ఎడమకు అరబ్బీ. బడిలో ఎడమనుంచి కుడికి ఇంగ్లీషు. తెలంగాణలో 2018 చట్టం ప్రకారం బడులలో తెలుగు తప్పనిసరి, పైన హిందీ. నేను తెలుగు ప్రేమికుణ్ణి, తెలుగు మానమని నా నోట రాదు. కాని అక్షరం రాయటమే కొండ అయిన పిల్లవాడికి నాలుగు లిపులు ఒక్కసారి నెత్తిన పెట్టి, ఏ ఒక్కటీ రాలేదని ఫెయిలు చేసి, పదిహేనేళ్ళకు ఏ మెకానిక్ షెడ్డుకో తోలటం ఎంతవరకు న్యాయం? మెకానిక్ పని తక్కువదని కాదు. ఇంజను శబ్దం విని రోగం చెప్పే ఇలాంటి కుర్రవాళ్ళు బ్రహ్మాండమైన మెకానిక్కులు అవుతారు. పని వచ్చినా పొద్దున తొమ్మిదికి షెడ్డుకు చేరలేక, గిరాకీతో మర్యాదగా మాట్లాడలేక, ఏడాదికి మూడు షెడ్లు మారతారు. వాళ్ళే ఈ పిల్లలు పెద్దయిన రూపం. ఇంతసేపూ పిల్లల గురించి వింటూ "ఇది నా సంగతే చెబుతున్నాడే" అని మనసులో అనుకుంటున్న అన్నలు ఈ సభలో ఉండే ఉంటారు. పెద్దవాళ్ళకు కూడా పరీక్ష చేస్తారు. గాంధీ ఆసుపత్రి మన గుమ్మంలోనే ఉన్నది, మనోవైద్య విభాగంలో చీటీ రాయించుకోవటానికి సిగ్గుపడనక్కరలేదు.

సంఘానికి మూడు మనవులు చేసి ముగిస్తాను. మన ఉపకారవేతనం దరఖాస్తులో "మొత్తం శాతం" అని ఒక గడి ఉన్నది. దాని పక్కన "ఏ సబ్జెక్టులో ఎక్కువ" అని ఇంకో గడి వేయండి. లెక్కల్లో తొంభై, భాషల్లో ముప్పయి వచ్చిన బిడ్డ మన కంటికి ఆనాలి. రెండు, నీపిడ్‌కు మొదటిసారి పోయే కుటుంబంతో తోడుగా పోవటానికి చదువుకున్న యువకులు ఇద్దరు, చెల్లెళ్ళు ఇద్దరు పేర్లివ్వాలి. తండ్రి గల్ఫులో ఉండి, తల్లి ఒక్కతే ఆ వరసలో నిలబడి, ఫారం నింపలేక తిరిగివచ్చే ఇండ్లు ఉన్నాయి. మూడు, వచ్చే ఏడు ఈ వార్షికోత్సవంలో దావత్‌కు ముందు ఒక చిన్నగది, మైకు శబ్దం రానిది, ఈ పిల్లలకోసం విడిచిపెట్టండి. ఇవాళ ఎంతమంది తల్లులు ఇంట్లోనే ఆగిపోయారో నాకు తెలుసు.

డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు స్కూలు ప్రోగ్రెసు కార్డులు, పుట్టినప్పటి ఆసుపత్రి కాగితాలు, వీలైతే ఇంట్లో తీసిన చిన్న వీడియో ఒకటి పట్టుకుపోండి. వీటితోపాటు ఒక తెల్ల కాగితం మధ్యలో గీత గీసి, ఒక పక్క బిడ్డకు బాగా వచ్చినవి, ఇంకో పక్క చేయలేనివి, వయసుతో సహా రాసుకోండి. ఒక్క పక్క నింపి ఆపేయకండి. తెలుగులో రాసినా, ఉర్దూలో రాసినా సరే, తోడు వచ్చే పిల్లలు చదివి వినిపిస్తారు. తోడు పోదలచినవారు నమాజు అయ్యాక కార్యదర్శిగారి దగ్గర పేర్లు రాయించగలరు.